దొంతరకొండ నోట మట్టిముద్ద

త్రిశిఖర రాజ్యానికి కోటగోడలు లేవు. మూడు కొండలు కాపలా ఉండగా రాళ్ళు మోయించడం దండగ అనుకున్నాడు ఆ దేశపు తొలి రాజు. ఉత్తరాన పళ్ళెంకొండ. బోర్లించిన పళ్ళెంలా నాలుగు ఆమడల మేర పరుచుకుని, ఎక్కుతున్నామో ఊరికే నడుస్తున్నామో తెలియనంత చదునుగా ఉంటుంది. పడమట చిట్టెంకొండ. కమ్మరి కొలిమి పక్కన పారబోసిన చిట్టెం కుప్పలా నల్లగా, పొట్టిగా, నిటారుగా ఉంటుంది. ఆ రెండింటి నడుమ దొంతరకొండ! తలకు తెల్లమబ్బు పాగా చుట్టి, నడుముకు సంపెంగ వనాల దట్టీ బిగించి, పాదాల దగ్గర ఏడు సెలయేళ్ళను గజ్జెల్లా మోగిస్తూ నిలబడి ఉంటుంది. దాన్ని చూసి ఆస్థాన కవులు వందల పద్యాలు చెప్పారు. దాని కింద కాపురమున్నవాళ్ళు మాత్రం పద్యాలకంటే దాని కడుపులో చప్పుడే ఎక్కువ వినేవారు.

ఎందుకంటే ఆ మూడూ అగ్గికొండలు.

వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళను కొండకాపులంటారు. వాళ్ళ పద్ధతి ఇది. కొండ ఒంటిమీద ఆవిరి బుసకొట్టే కన్నం ఒకటి చూసుకుని, రోజూ పొద్దున్నే దానిమీద రాగిసంకటి కుండ పెడతారు. పక్కన నీళ్ళతొట్టిలో చిల్లుగిన్నె వదులుతారు. గిన్నె నిండి మునిగితే తీసి మళ్ళీ వదులుతారు. సంకటి ఉడికేలోపు గిన్నె ఎన్నిసార్లు మునిగిందో అదే ఆ రోజు కొండ చెప్పిన మాట. అయిదు గిన్నెలకు ఉడికితే అంతా మామూలే. మూడు గిన్నెలకే ఉడికితే లోపల వేడి పెరిగినట్టు. రెండయితే పిల్లాజెల్లాతో ఊరు ఖాళీ చెయ్యాల్సిందే.

నియమం ఒక్కటే. ఒకరి కుండను, ఒకరి కన్నాన్ని ఇంకొకరు ముట్టకూడదు. ముట్టినవాడి మెడలో వాడి కుండే కట్టి దేశపు ఎల్ల దాటిస్తారు. లక్షమంది ప్రాణాలు ఒక కుండను నమ్ముకుని ఉన్నప్పుడు ఆ మాత్రం కరుకుదనం ఉండాలి మరి.

అంతటి నియమాన్ని తుంగలో తొక్కింది ఎవరో కాదు, మన కథానాయకుడు కాచన. నాయకుడే అలా చేస్తే ఎలాగని నన్నడగకండి. నేను కథ చెప్పేవాణ్ణి, వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాణ్ణి కాదు.

అసలు జరిగిందేమిటంటే, పన్నెండేళ్ళకోసారి వచ్చే కొండజాతర ఇంకో మూడు రోజులుందనగా పెద్దకాపు బూదవ్వ తన శిష్యులిద్దరినీ పిలిచింది. ఎనభై ఏళ్ళ ముసలిది. జుట్టు బూడిదరంగు, మాట మాత్రం నిప్పుకణిక. ఆమె పక్కన గోడకు ఆనించి నిలువెత్తు రాగికోల ఉంది. ఆ కోల ఎవరి చేతికొస్తే దొంతరకొండ వాళ్ళది.

కాచన పన్నెండేళ్ళుగా ఆ కోలను చూసి గుటకలు మింగుతున్నాడు. ఆరేళ్ళుగా చిట్టెంకొండకు కాపు. రెండోవాడు నాగన. ఎక్కడి నుంచో వచ్చి మూడేళ్ళయింది, దొంతరకొండ మీద బూదవ్వ బదులు కుండ పెట్టేది వాడే. వాడి ముక్కు బాగుంటుంది, పాట బాగుంటుంది, నవ్వితే ఇంకా బాగుంటాడు. కాచన చేతులారా పెంచిన మేకపోతు కూడా వాడి వెనకే తిరిగేది. ఇవన్నీ కాచన లెక్కపెట్టుకుని ఉన్నాడు.

"కాచా, దొంతరకొండ ఎట్ల పుట్టెరా?" అంది బూదవ్వ.

కాచన గొంతు సవరించుకున్నాడు. "నేలంతా ఒకటే బండ కాదవ్వా. కాగిన పాలమీద మీగడ పగిలినట్ల పలకలు పలకలుగా ఉండాది. సముద్రం కింద పలక మన పలక అడుక్కు దూరతాంది. గోరు పెరిగినంత నిదానంగా. దాంతోబాటు సముద్రం నీళ్ళూ లోపలికి పోతాయి. ఆ లోతులో, ఆ వేడిలో, నీళ్ళు తగిలిన రాయి తొందరగా కరుగుతాది. కరిగింది చుట్టుపక్కల రాయికంటే తేలిక. అందుకని పైకొచ్చి, కొండ అడుగున గుంతలో చేరి కాచుకోని ఉంటాది. దాన్నే కడుపంటాం."

"పళ్ళెంకొండ కింద ఏ పలకా దూరల్యా. అదెట్ల పుట్టె?"

"ఆడ పాతాళం నుంచి వేడి సూటిగా పైకి పొడుస్తాంది."

బూదవ్వ తల ఊపింది. కాచన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"నాగా, మూడు కొండలూ మూడు తీర్లుగా ఎందుకుండాయి?"

నాగన నోటితో జవాబు చెప్పలేదు. అక్కడున్న గరిటె తీసుకుని ముందు అంబలి తీసి రాతిమీద పోశాడు. అది నలుదిక్కులా పారి పల్చగా పరుచుకుంది. "ఇది పళ్ళెంకొండ. కరిగిన రాయి పల్చన. ఆవిరి బుడగలు సులువుగా బయటికి పోతాయి. పేలదు, పారుతాది. పారి పారి పళ్ళెమైంది." తర్వాత సంకటి ముద్ద తీసి దబ్బున వేశాడు. అది వేసిన చోటే కూర్చుంది. "ఇది దొంతరకొండ. చిక్కన. ఆవిరి లోపల్నే ఇరుక్కుంటాది. ఒకసారి బూడిద చిమ్ముతాది, ఒకసారి రాయి కక్కుతాది. దొంతరమీద దొంతర పడి ఇంత ఎత్తయింది. సంకటి కుతకుతమనేటప్పుడు దగ్గర చెయ్యి పెట్టినోళ్ళకు తెలుస్తాది దీని గుణం." చివరికి గుప్పెడు జొన్నపేలాలు తీసి పైనుంచి జారవిడిచాడు. అవి చిన్న కుప్పగా పడ్డాయి. "ఇది చిట్టెంకొండ. నురగరాళ్ళు ఎగిరి చుట్టూ పడి కుప్పయినాయి. ఒక్కసారి పేలింది, మళ్ళ గమ్మునైపోయింది."

బూదవ్వ పకపకా నవ్వింది. ఆరేళ్ళుగా తాను కాస్తున్న కొండ గుప్పెడు పేలాలయ్యేసరికి కాచనకు ఒళ్ళు మండిపోయింది.

"కోల నాగనకు. జాతరనాడు రాజుగారి చేతులమీదుగా ఇప్పిస్తా. కాచా, నీకు చిట్టెంకొండే" అంది బూదవ్వ.

"పన్నెండేండ్లు, అవ్వా! వాడొచ్చి మూడేండ్లే! చచ్చిన కొండకు నేను, బతికిన కొండకు వాడా? ఏం తక్కువైంది నాలో?"

"నువ్వడిగేది కారణం కాదురా, కోల. మనసు చల్లబడినాక రా, చెప్తా."

కాచన చల్లబడలేదు. కొండకాపులు తమ కొండ రాళ్ళను చిన్న సంచిలో వేసి మొలకు కట్టుకుంటారు. వాడు తన చిట్టెపు సంచిని పంచె మడతల్లో కనపడకుండా దోపుకుని, విసవిసా కొండ దిగాడు.

దారిలో కుండల కావడి దించుకుని కూర్చున్నాడు కుమ్మరి గురప్ప. కొండకాపులకు కుండలు చేసిచ్చే పాత కుమ్మరి పోయాక, మూడు నెలల కిందట వచ్చినవాడు. ఒక కన్ను మెల్ల. చేతి గోళ్ళు మాత్రం అద్దాల్లా తళతళలాడుతుంటాయి. మట్టి పిసికేవాడి గోళ్ళు అంత శుభ్రంగా ఎలా ఉన్నాయో కాచన ఒకసారి అనుకున్నాడు, అంతలోనే మరిచిపోయాడు. కడుపుమంటలో ఉన్నవాడికి ఎదుటివాడి గోళ్ళు ఎక్కడ కనిపిస్తాయి!

"కోల వానికిచ్చినారంట కదా నాయనా" అన్నాడు గురప్ప, జాలి ఒలకబోస్తూ. "నీ అంత పనిమంతుణ్ణి పెట్టుకోని! ఇదో, ఈ మన్ను ముద్ద తీసుకో. ఎల్లుండి వాని కన్నంలో కొంచెం కూరు. సంకటి ఉడకదు. రాజుగారి ముందర, లక్ష మంది ముందర పచ్చిపిండి కలుపుతా నిలబడతాడు. మళ్ళ నువ్వే తీసేయొచ్చు. ఎవరికి నష్టం?"

ముద్ద చల్లగా, మెత్తగా, వెన్నలా ఉంది. కాచన దాన్ని పుచ్చుకున్నాడు.

జాతర ముందునాటి మధ్యాహ్నం నాగన ఏటికి స్నానానికి వెళ్ళాడు. కాచన మొగలిపొదల చాటున పాక్కుంటూ, జారుడు బండమీద గోళ్ళూని, శిఖరం కిందున్న ఆవిరి కన్నం చేరాడు. అది త్రాచులా బుసకొట్టింది. చెయ్యి చాపి ముద్దను లోపలికి నెట్టాడు. వేడి ఆవిరి మణికట్టు మీద కొట్టి చర్మం ఊడింది. కెవ్వుమనబోయి పెదవి కొరుక్కున్నాడు. బుస ఆగిపోయింది. లోపల ఆ ముద్ద ఉబ్బి, పాదరసంలా పాకి, చీలికల వెంట మిగతా కన్నాలకు కూడా వ్యాపించడం వాడు చూడలేదు. చూసినా వెనక్కి తీసేవాడు కాదేమో.

తెల్లవారింది. జాతర!

దొంతరకొండ నడుము మీద పూలమిట్ట అనే విశాలమైన మైదానం ఉంది. ఆ ఉదయం రాజధాని అరుణావతీ నగరమంతా అక్కడికి తరలివచ్చింది. ముత్యాల ఝూలులు కప్పిన ఏనుగులు, పట్టుకుచ్చుల పల్లకీలు, నెమలిపింఛాల గొడుగులు, వెండిపొన్నుల భేరీలు, సాంబ్రాణి పొగలు, చంకల్లో పిల్లలు, మూటల్లో అరిసెలు. వేదికమీద పగడాల సింహాసనంలో చిత్రరథ మహారాజు కూర్చున్నాడు. శిఖరం కిందున్న కన్నం నుంచే ఆవిరి అందే పిల్లకన్నం ఒకటి వేదిక ముందుంది, దానిమీద నాగన కుండ పెట్టి చిల్లుగిన్నె వదిలాడు.

అయిదు గిన్నెలు మునిగాయి. పిండి పచ్చిగానే ఉంది. ఆరు మునిగాయి. ఏడు. నాగన ముఖం పాలిపోయింది. కాచన వేదిక కింద గడ్డం నిమురుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. ఇక జనం గొల్లుమంటారు, రాయి విసురుతారు, రాజు కోపగిస్తాడు...

"ఏడు గిన్నెలకూ ఉడకల్యా!" అని అరిచాడో ముసలాయన. "కొండ చల్లబడింది రోయ్! నాగన చెయ్యి పడగానే దొంతరకొండ శాంతించింది!"

పూలమిట్ట దద్దరిల్లింది. భేరీలు మోగాయి. ఆడవాళ్ళు నాగన మీద సంపెంగలు చల్లారు. కాచన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఉడకని కుండ అంటే చల్లబడ్డ కొండ అని వాడికి తెలియదా? తెలుసు. పన్నెండేళ్ళు అదే పని చేశాడు. కానీ మూడు రోజులుగా వాడికి కుండ కనబడలేదు, కుండ పక్కన నిలబడ్డ నాగన సిగ్గుపడే ముఖమే కనబడింది.

రాజు లేచి, నాగన చేతిలో రాగికోల పెట్టి, కౌగిలించుకున్నాడు. "ప్రజలారా! మూడేళ్ళ కిందట నా కుమారుడు నాగధ్వజుణ్ణి మారువేషంలో ఈ కొండకు పంపాను. కొండను తెలియనివాడు ఈ దేశాన్ని ఏలలేడని నా నమ్మకం. నేడు కొండే వాణ్ణి మెచ్చింది. ఈ సంతోషంలో జాతర మరో మూడు రోజులు ఇక్కడే జరగాలని ఆజ్ఞాపిస్తున్నాను!"

యువరాజు! ముక్కు వాడిదే, పాట వాడిదే, మేకపోతు వాడిదే, రేపు రాజ్యం కూడా వాడిదే! అంత ఉన్నవాడికి తన ఒక్క కోల ఎందుకు కావలసివచ్చింది? కాచన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

అంతలో భుజంమీద చెయ్యి పడింది. నాగనే.

"అన్నా, ఎవరితోనూ అనొద్దు" అన్నాడు గొంతు తగ్గించి. "నిన్న అయిదుకు ఉడికిన సంకటి ఈ పొద్దు ఏడుకూ ఉడకల్యా. ఒక్క దినంలో కొండ ఇంత చల్లబడదు. నాకు భయంగా ఉండాది. పైకి పోయి కన్నం చూసొస్తా. అంతవరకు అవ్వను చూసుకో. నీకంటే తెలిసినోడు నాకు ఇంకెవరున్నారు?"

చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం లేదు. కాచన నాలుక చివర దాకా మాట వచ్చింది. అప్పుడే ఎవరో అమ్మాయి నాగన మెడలో ఇంకో దండ వేసింది. మాట వెనక్కి పోయింది.

"పో, చూసి రా" అన్నాడు కాచన.

నాగన కోల పట్టుకుని ఒంటరిగా శిఖరం వైపు వెళ్ళాడు.

గడియ గడవకముందే బూదవ్వ కేక వినిపించింది. ఆమె ఒక బండమీద అంచుదాకా నీళ్ళు నింపిన వెడల్పు కంచుపళ్ళెం పెట్టుకుని కూర్చుంటుంది. పొద్దున సమంగా ఉన్న నీళ్ళు ఇప్పుడు ఒకవైపు అంచు దాటి కారిపోతున్నాయి.

"నేల ఒరిగింది! కొండ ఉబ్బుతాంది! మారాజా, జనాన్ని దించు!"

రాజు కనుబొమలు ముడిచాడు. "అవ్వా, పళ్ళెం కంటే కుండ మాట పెద్దదని మాకు నేర్పింది మీరే కదా? కుండ చల్లగా ఉందంటోంది."

జనం నవ్వారు. అవ్వకు చాదస్తం పెరిగిందన్నారు. కాచనకు మాత్రం కాళ్ళ కింద నేల వెచ్చగా తగిలింది. ఒక్క పరుగున, మైదానం అంచున కుండల కావడి దించుకుని ఉన్న కుమ్మరి దగ్గరకు వెళ్ళాడు.

"గురప్పా! ఆ మన్ను ఎట్ల తీయాల? బిన్నె, తొందరగా చెప్పు!"

గురప్ప తలపాగా విప్పాడు. మెల్లకన్ను సూటిగా తిరిగి ఎర్రగా రగిలింది. వంగిన నడుము తాడిచెట్టులా లేచింది. జడలు నేలకు జారాయి. మూడు రాజ్యాల్లో తల్లులు పిల్లలకు పేరు కూడా చెప్పని మాంత్రికుడు జ్వాలాక్షుడు!

"తీయడమా? పిచ్చివాడా! ఈ కొండ కడుపులో అగ్నిగర్భమణి ఉంది. ఆవిరి కొద్దికొద్దిగా పోతూ ఉంటే అది బూడిదవుతుంది. అన్ని నోళ్ళూ మూసుకుని ఒక్కపెట్టున పేలితేనే పైకి వస్తుంది. కొండకాపుల కన్నం ముట్టడానికి నాకు శక్తి లేదు. కొండకాపే ముట్టాలి. అందుకు అసూయ నిండిన కాపు ఒకడు కావలసివచ్చాడు. ఎంతో దూరం వెతకనక్కరలేకపోయింది!"

కాచన కావడిబద్ద అందుకుని దూకాడు. మాంత్రికుడు చిటిక వేశాడు. కుండలన్నీ గాల్లోకి లేచి తేనెటీగల్లా మీద పడ్డాయి. కాచన గిర్రున తిరుగుతూ ఎడాపెడా బాదాడు. పెంకులు వర్షంలా రాలాయి. ఒకటి నుదుటికి తగిలి రక్తం కంట్లోకి కారింది. తుడుచుకుని చూసేసరికి జ్వాలాక్షుడు గుర్రమంత రాబందు వీపుమీద శిఖరం వైపు ఎగిరిపోతున్నాడు. అక్కడ నాగన ఒక్కడే ఉన్నాడు.

ఏటి నీళ్ళలో చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. జనం ఇంకా ఆడుతున్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ మాట అంటే పన్నెండేళ్ళ కొలువు పోతుంది, ఊరు పోతుంది, పేరు పోతుంది. అనకపోతే లక్షమంది పోతారు. కాచన వేదిక ఎక్కి భేరీ మీద రెండు చేతులతో బాదాడు.

"ఆ కుండ అబద్ధం! దాన్ని అబద్ధం చేసింది నేను! నాగన కన్నంలో మన్ను కొట్టింది నేను! వాణ్ణి చూసి ఓర్వలేక కొట్టినా! ఇదో, కాలిన చెయ్యి చూడండి! కొండ చల్లబడల్యా, నోరు మూసుకోని ఉబ్బుతాంది!"

ఒక రాయి వచ్చి వాడి భుజానికి తగిలింది. తర్వాత హాహాకారాలు. జనం ఏటి లోయ వైపు పరుగు తీశారు.

"ఏటి దారిన పోవద్దు!" కాచన గొంతు చించుకున్నాడు. "కొండ పగిలితే మండే బూడిద, బురద ముందు లోయల్లోకే దూకుతాయి! చిట్టెంకొండకు పోండి! అది లోయకంటే ఎత్తు, అది చచ్చిన కొండ, మళ్ళ పేలదు! సున్నం పూసిన రాళ్ళ వెంట పోతే మెట్లుండాయి, ముసలోళ్ళు కూడా ఎక్కొచ్చు! ఆరేండ్లు ఒక్కణ్ణే కొట్టినా ఆ మెట్లు!"

ఏనుగులు ముందు, పల్లకీలు వెనక, జనం పడమటికి మళ్ళారు. రాజు సింహాసనం వదిలి ఎవరి పిల్లనో భుజాన ఎత్తుకుని నడిచాడు.

బూదవ్వ కాచన ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"దొంతరకొండ ఏనాటికైనా పగిలేదేరా. నువ్వు చేసిందేమంటే, అది మనకు చెప్పుకునే నోరు మూసినావు. పగిలిన దినం ఈ ఊరంతా యాడికి పోవాల? చిట్టెంకొండకే. ఆ దారి రాయి రాయీ ఎరిగినోడు ఆడ ఉండాల. బతికిన కొండను ఎవురైనా చూస్తారు. బతికించే కొండను చూసేది నువ్వొక్కడివే అనుకుంటి. అందుకే నిన్ను కదపల్యా. ఇదే నేను చెప్తానన్న కారణం."

కాచన ఏడ్చాడు. దాచిపెట్టడానికి ఏమీ మిగలలేదు కనుక బావురుమనే ఏడ్చాడు.

ఆమె వాడి సంకటికుండ తెప్పించింది. వాడి మొల సంచిలోని చిట్టెపురాళ్ళు అందులో పోసి, తాడుతో మెడకు కట్టింది. నియమం నియమమే. "ఎల్ల దాటిపో" అంది. తర్వాత చెయ్యి పైకెత్తి శిఖరం చూపింది. "ఎల్ల ఆ కొండకు అవతల ఉండాది. పైనుంచే దారి. బిన్నె పో, నా బిడ్డ ఒకడు ఆడ ఉండాడు."

కాచన పరుగెత్తాడు. సంపెంగ వనం ఎండిపోయి ఆకులు రాలుస్తోంది. గంధకం కంపు ముక్కుపుటాలు కాల్చింది. అడుగడుక్కీ నేల పురిటి కడుపులా కదులుతోంది. పైనుంచి గుమ్మడికాయలంత రాళ్ళు దొర్లుతుంటే ఎడమకొకటి, కుడికొకటి తప్పుకుంటూ, మెడలో కుండ ఛాతీకి కొట్టుకుంటూ ఉండగా శిఖరం చేరాడు.

నాగన మోకాళ్ళ దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాడు. కన్నంలోని ముద్దను కోలతో పొడిస్తే అది బయటికి పాకి వాణ్ణే పట్టుకుంది. ఇప్పుడు తొడల మీదకు ఎక్కుతోంది. ఎదుటి బండమీద రాబందు వీపున జ్వాలాక్షుడు కూర్చుని, కొండ ఎప్పుడు పగులుతుందా అని చేతులు నలుపుకుంటున్నాడు.

"అన్నా, దగ్గరికి రావద్దు! ఇది తాకితే వదలదు!" అని అరిచాడు నాగన.

కోలతో పోనిది చేతులతో పోతుందా? కాచన నాలుగు దిక్కులా చూశాడు. ఏమీ దొరకలేదు. మెడలో కుండ గలగలమంది. చిట్టెం! ఒళ్ళంతా కన్నాలున్న రాయి! వాడు తాడు తెంపి కుండను ఎత్తి ముద్ద నడినెత్తిన పగలేశాడు. చిట్టెపురాళ్ళు మట్టిలో దిగబడ్డాయి. మట్టి వాటిని మింగింది. మింగిన చోటల్లా లోపలి ఆవిరికి సన్నని దారులు దొరికాయి. ముందు ఈలలా, తర్వాత బూరలా, తర్వాత వెయ్యి శంఖాలు ఒక్కసారి ఊదినట్టు మోగి, ముద్ద నాగన కాళ్ళు వదిలి ముక్కలు ముక్కలుగా ఎగిరిపోయింది!

ఆవిరి స్తంభం సూటిగా రాబందు రెక్కకు తగిలింది. "నా మణి! బూడిదైపోతోంది నా మణి!" అని జ్వాలాక్షుడు పొలికేక పెట్టి, కింద పడబోతూ చేతిలోని మంత్రపు కర్రతో నేలను కొట్టాడు. కాచన నిలబడ్డ చోట కొండ నిలువునా చీలింది. వాడు జారాడు. చీలిక అడుగున ఎర్రని వెలుగు తళుక్కుమంది. ఒంటి చేత్తో అంచు పట్టుకుని వేలాడాడు. అంచు పిండిలా రాలుతోంది.

ఆ క్షణాన వాడి ముఖం ముందుకు ఒక రాగికొన వచ్చింది.

"పట్టుకో అన్నా!"

పన్నెండేళ్ళుగా కలల్లో పట్టుకున్న కోల. కాచన పట్టుకున్నాడు. పైచివర నాగన బోర్లా పడుకుని లాగుతున్నాడు. లాగుతూనే వాడి కళ్ళు కాచన మణికట్టు మీద పడ్డాయి. ఊడిన చర్మం. తర్వాత మెడలో మిగిలిన తాడు.

"మెడలో తాడేంది అన్నా? ఆ మన్ను ఎవురు పెట్టినారు?"

మాంత్రికుడు పెట్టాడంటే సరిపోయేది. నాగన నమ్మేవాడు కూడా.

"నేనే" అన్నాడు కాచన. "నిన్ను చూసి ఓర్వలేక."

కోల ఒక బెత్తెడు కిందికి జారింది. కాచన కళ్ళు మూసుకున్నాడు. అది అక్కడే ఆగింది.

"ముందు పైకి రా. మళ్ళ తంతా" అన్నాడు నాగన, పళ్ళ బిగువున లాగుతూ. "నీకొక్కనికే కుళ్ళనుకుంటివా? అవ్వ ఏమడిగినా ముందు నువ్వే చెప్తావు. మూడేండ్లు నీ పక్కన మొద్దులెక్క కూర్చోని నేనెంత ఉడుక్కున్నానో నీకేం తెల్సు!"

కాచన పైకి వచ్చి పడ్డాడు. పడీ పడకముందే తూర్పు వాలు చెక్కలా ఊడి, కొండ పక్క నుంచి నల్లని మేఘం ఫెళఫెళమంటూ బయటికి దూకింది. కొంత ఆవిరి పోయింది కనుక శిఖరం ఇంకా నిలిచి ఉంది. ఎంతసేపు నిలుస్తుందో చెప్పడానికి ఇప్పుడు ఏ కుండా లేదు. ఆ మేఘం అంచున, ఒంటిరెక్క రాబందు మీద ఎర్రకన్ను ఒకటి మళ్ళీ పైకి లేస్తోంది.

ముందు దారి రెండుగా చీలింది. కుడివైపు ఎల్ల. ఎడమవైపు చిట్టెంకొండ. కాచన కుడికి తిరిగాడు.

"యాడికి?" అని అరిచాడు నాగన.

"నన్ను వెళ్ళగొట్టినారు."

"రాజు కొడుకును చెప్తాండా, రేపు పో! ఈ పొద్దు ఆ మెట్ల దారి నాకు తెలీదు. నువ్వు ముందు నడు!"

నల్లమేఘం పొదలను కాల్చుకుంటూ వెనకే వస్తోంది. ఇద్దరూ ఎడమకు దూకి పరుగు లంకించుకున్నారు. ముందు కాచన, వెనక నాగన, ఇద్దరి నడుమ రాగికోల. దాన్ని ఎవరు వదలాలో తేలక చెరో చివర పట్టుకునే పరుగెత్తారు.